ఎలివేషన్‌కి రాయి: కొటేషన్‌లో కనిపించని ఖర్చు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి ముందుగోడకి రాయి పెట్టడం గురించే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. నేను 31 ఏళ్లు భవనాల ఇంజినీరుగా పనిచేశాను. అంతకుముందు బేతంచెర్లలో, బండలు కోసే మిషన్ల చప్పుడు మధ్య పెరిగాను. మా నాన్న అక్కడ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. రాయి అంటే నాకు ప్రాణం. దాన్ని తప్పుగా పెట్టి, పదేళ్లకే పీకి పారేస్తుంటే చూడలేను. కింది జవాబుల్లో ఎక్కడైనా గొంతు పెరిగితే కారణం అదే.

ప్రశ్న: కాకినాడలో జి ప్లస్ టూ ఇల్లు కడుతున్నాం. ముందు ఎలివేషన్ 900 చదరపు అడుగులు. గ్రానైట్‌ని స్టీలు క్లాంపులతో బిగిస్తే అడుగుకి 480 రూపాయలని ఒక కాంట్రాక్టర్, గమ్‌తో అంటిస్తే 290 అని ఇంకొకరు రాసిచ్చారు. మావారు టెక్స్‌చర్ పెయింట్ చాలు, 55లో అయిపోతుంది అంటున్నారు. "పెయింట్ ఐదారేళ్లకోసారి వేయాలి, రాయికి జన్మలో మళ్లీ ఖర్చు ఉండదు, చివరికి రాయే చవక" అని కాంట్రాక్టర్ చెప్తున్నారు. నిజమేనా? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: నిజం కాదమ్మా. రాయి అందంగా ఉంటుంది, ఎండావానలకి తట్టుకుంటుంది. చవక మాత్రం కాదు. 30 ఏళ్లకి లెక్క వేసి చూద్దాం. అన్నీ ఈ రోజు ధరల్లోనే వేస్తాను. ముందుముందు ధరలు పెరుగుతాయి, మీరు దాచుకున్న డబ్బుకి వడ్డీ కూడా వస్తుంది. ఇంటి లెక్కకి ఆ రెండూ ఒకదానికొకటి చెల్లు అనుకుంటే చాలు.

పెయింట్ అయితే మొదట 49,500. ఆరేళ్లకోసారి మళ్లీ వేయడానికి, పరంజాతో కలిపి అడుగుకి 30 వేసుకుంటే ఒక్కోసారి 27,000. ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగో ఏడు, అంటే నాలుగుసార్లు. మొత్తం 1,57,500.

క్లాంపుల గ్రానైట్ మొదట 4,32,000. పలకల మధ్య సందుల్లో పెట్టే సీలెంట్ రబ్బరులా ఉంటుంది, ఎండకి గట్టిపడి చిట్లుతుంది. పదిహేనో ఏట మొత్తం తీసి మళ్లీ పెట్టాలి. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు పలకలైతే మీ గోడకి 750 అడుగుల సందు వస్తుంది. అడుగుకి 60 చొప్పున 45,000, పరంజాకి ఇంకో 20,000. ఐదేళ్లకోసారి కడగడానికి ఎనిమిది వేల చొప్పున ఐదుసార్లకి 40,000. మొత్తం 5,37,000.

ఇక గమ్‌తో అంటించేది. మొదట 2,61,000. చూడ్డానికి మధ్యేమార్గంలా ఉంటుంది. నాకు భయం వేసేది దీన్ని చూస్తేనే. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకి ఐదు కిలోలు, అంటే ఆ పలక ఒక్కటే 30 కిలోలు. కోసిన పలక వెనక రాతి పొడి పొరలా పట్టి ఉంటుంది. దాన్ని కడగకుండా అంటిస్తే గమ్ పట్టుకునేది రాయిని కాదు, ఆ పొడిని. పైగా మే నెల ఎండలో నల్ల గ్రానైట్ మీద చెయ్యి పెట్టలేం. 40 డిగ్రీల వేడి పెరిగితే పది మీటర్ల గ్రానైట్ సుమారు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది, రాత్రికి మళ్లీ ముడుచుకుంటుంది. ఆ లాగుడంతా రోజూ గమ్ మీదే పడుతుంది. పన్నెండో ఏటో పదిహేనో ఏటో పలకలు వదిలాయనుకోండి. పీకి, గోడ సరిచేసి, క్లాంపులతో మళ్లీ బిగించడానికి అడుగుకి 310కి తగ్గదు. అంటే ఇంకో 2,79,000, మొత్తం 5,40,000. మొదటే క్లాంపులు పెట్టించుకున్నవాళ్ల కన్నా ఎక్కువే పెట్టి, మధ్యలో ఎప్పుడు ఏది ఎవరి మీద పడుతుందోనన్న టెన్షన్ కూడా మోస్తారు. నా మాటగా రాసుకోండి: తల ఎత్తు దాటిన గోడకి ఒట్టి గమ్ మీద రాయి వద్దు.

నేను మా వైపు చూసిన రేట్లతో వేసిన లెక్క ఇది. మీ రేటు వేరైతే అంకెలు మార్చుకోండి, వేసే పద్ధతి ఇదే. డబ్బు పరంగా మీవారే కరెక్ట్ అని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా రాయి కావాలని ఉంటే అందులో తప్పేమీ లేదు. వాన చినుకులు నేల మీద పడి ఎగిరి గోడని పాడుచేసేది కింది నాలుగడుగులే. అక్కడ, గుమ్మం పక్క స్తంభాలకి క్లాంపులతో గ్రానైట్ పెట్టించండి. 200 అడుగులకి 96,000 అవుతుంది. మిగతా 700కి టెక్స్‌చర్ 38,500. నాకైతే ఈ ఇల్లే అందంగా కనిపిస్తుంది.

ఇంకొక్క మాట, ఇది మీది సముద్రపు ఊరు కాబట్టి. క్లాంపులు "స్టెయిన్‌లెస్ స్టీల్" అని కొటేషన్‌లో రాస్తే సరిపోదు, "ఎస్ఎస్ 316" అని రాయించండి. ఆ రకం స్టీల్లో రెండు మూడు శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, ఉప్పుగాలికి ఆగేది దాని వల్లే. చవకరకం 202 కూడా కొత్తలో అలాగే మెరుస్తుంది. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందని మేస్త్రీలు చెప్తారు. 202కీ అంటదు, 316కీ అంటదు, కాబట్టి ఆ పరీక్ష పనికిరాదు. మాలిబ్డినం ఉందో లేదో చూపించే చుక్కల మందు కిట్ దొరుకుతుంది, ఒక క్లాంపు మీద చుక్క వేయించి చూడండి. స్టీలు తయారుచేసిన మిల్లు ఇచ్చే సర్టిఫికెట్ కూడా అడగండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం చెప్తాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, తీరంలో ఒక ప్రభుత్వ భవనానికి రాయి బిగించాం. స్టెయిన్‌లెస్ దొరకలేదని, రంగు వేసిన ఇనుప కొక్కేలు వాడతామన్నారు. రాయి వెనక ఎవరు చూస్తారులే అన్నారు. నేను ఒప్పుకుని బిల్లు మీద సంతకం పెట్టాను. ఐదో ఏటికి సందుల్లోంచి ఎర్రటి చారలు దిగాయి. తొమ్మిదో ఏట ఒక రాత్రి పోర్టికో మీదున్న పలక ఊడి పడింది. పగలైతే అక్కడ వాచ్‌మన్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మర్నాడు వెళ్లి ముక్కలు చూశాను. ముక్కలైనా రాయి పాడవలేదు, అంచులు కూడా పదునుగానే ఉన్నాయి. దాన్ని పట్టుకున్న కొక్కెం మాత్రం అగ్గిపుల్లంత మిగిలింది. అప్పట్లో ఆ కొక్కేల దగ్గర మిగిల్చిన డబ్బు, తర్వాత పరంజా ఒక్కదానికే చాల్లేదు.

ప్రశ్న: తాండూరు నీలం బండని రఫ్‌గా ఉంచి ముందుగోడకి సిమెంట్‌తో పెట్టించాం. రెండు వానాకాలాలకే సున్నం కారినట్టు తెల్ల చారలు వచ్చాయి. యాసిడ్‌తో కడిగి లాకర్ కొడదాం అంటున్నాడు మేస్త్రి. (ఒక ఉపాధ్యాయుడు, వికారాబాద్)

జవాబు: యాసిడ్ సీసా ఇంట్లోకి రానివ్వకండి. తాండూరు బండ, కడప బండ, మా బేతంచెర్ల బండ అన్నీ సున్నపురాళ్లే. యాసిడ్ పడితే నురగ కక్కి రాయే కరిగిపోతుంది. ఇప్పుడు చారలు పోయినట్టే ఉంటుంది, గరుకుతేలిన రాయి వచ్చే ఏడు ఇంకా ఎక్కువ మురికి పడుతుంది.

ఆ తెలుపు రాయిలోంచి వచ్చింది కాదు. వెనక ఉన్న సిమెంట్ మాలులోని సున్నాన్ని నీళ్లు కరిగించి బయటికి తెస్తున్నాయి. గాలి తగలగానే అది గట్టిపడుతుంది. కాబట్టి నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో వెతకండి. నూటికి తొంభై ఇళ్లలో అది పిట్టగోడ తల. దాని మీద మేడ వైపు వాలుగా ఒక బండ పరిపించండి. బయటికి రెండంగుళాలు రావాలి, అంచు కింద వేలు పట్టేంత గాడి కోయించాలి. వాన నీళ్లు ఆ గాడి దగ్గర తెగి కింద పడతాయి, గోడ పట్టుకుని పాకవు. ఆ తర్వాత ఒక వేసవి పోనిచ్చి, చారల్ని కొబ్బరిపీచు బ్రష్‌తో పొడిగా రుద్దండి, ఆపైన మంచినీళ్లతో కడగండి.

మెరిసే లాకర్ అసలు వద్దు. లోపలి తడి బయటికి రాలేక పొర కిందే ఉప్పు పేరుకుంటుంది, రాయి పొరలు పొరలుగా లేస్తుంది. కొట్టాలనుకుంటే సైలేన్, సైలాక్సేన్ రకం సీలర్ కొట్టండి. అది రాయిలోకి ఇంకుతుంది, పైన పొర కట్టదు. దాన్ని కొన్నేళ్లకోసారి మళ్లీ కొట్టాల్సి ఉంటుంది, ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో రాసుకోండి.

ప్రశ్న: హైదరాబాద్ బిర్లా మందిరం చూసినప్పటినుంచి మా ఇంటికి కూడా బయటంతా తెల్ల పాలరాయి వేయించాలని కోరిక. 18 మిల్లీమీటర్ల పలకలు చూశాం. ఎన్నాళ్లు ఉంటాయి? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ కోరిక నాకు అర్థమైంది. నౌబత్ పహాడ్ మీద పొద్దున్న ఎండ పడినప్పుడు ఆ గుడిని చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అయితే ఆ గుడికి వేల టన్నుల లెక్కన రాజస్థాన్ పాలరాయి వాడారు. మందపు రాయి సంగతి వేరు, పల్చటి పలక సంగతి వేరు.

దీనికి ప్రపంచంలో చాలా ఖరీదైన పాఠం షికాగోలో ఉంది. ఇప్పుడు ఏయాన్ సెంటర్ అంటున్న భవనం 1970ల మొదట్లో స్టాండర్డ్ ఆయిల్ (తర్వాతి పేరు ఆమోకో) అనే చమురు కంపెనీ కోసం కట్టారు. 80 అంతస్తులకి పైమాటే. దాని చుట్టూ ఇటలీలోని కరారా నుంచి తెచ్చిన తెల్ల పాలరాయి పలకలు, సుమారు 43,000. మందం ఒకటింపావు అంగుళం దాకా. కొన్నేళ్లకే పలకలు అప్పడాల్లా వంగడం మొదలైంది. ముందు స్టీలు పట్టీలతో కట్టి ఆపారు. చివరికి 1990 నుంచి 1992 వరకు, ఉన్న పాలరాయి మొత్తం తీసేసి నార్త్ కరొలైనాలోని మౌంట్ ఎయిరీ గ్రానైట్ బిగించారు. సుమారు ఎనిమిది కోట్ల డాలర్లు అయింది. మొదట భవనం మొత్తం కట్టడానికి అయిన ఖర్చులో సగానికి మించిన మాట అది.

పాలరాయి ఎందుకు వంగుతుందంటే, అది కాల్సైట్ పలుకుల ముద్ద. వేడికి ఒక్కో పలుకు ఒక దిక్కున సాగి, ఇంకో దిక్కున కొంచెం ముడుచుకుంటుంది. పక్కపక్క పలుకులు తలో దిక్కుకి లాగుతుంటే వాటి మధ్య పట్టు వదులుతుంది. చల్లబడ్డాక రాయి పూర్తిగా పాత కొలతకి రాదు. దానికి తడి తోడైతే ఇంకా తొందరగా జరుగుతుంది. పలక పల్చగా ఉంటే ఒక వైపు ఎక్కువ సాగి విల్లులా తిరుగుతుంది, బలం కూడా పోతుంది. గ్రానైట్‌లో పలుకులు వేరు రకం, అల్లిక కూడా వేరు. అందుకే దానికి ఈ జబ్బు దాదాపు ఉండదు.

హెల్సింకీలో ఫిన్లాండియా హాల్ కథ నన్ను ఇంకా బాధపెడుతుంది. 1971లో తెరిచారు, అదే కరారా రాయి. పలకలు వంగిపోతే 1990ల చివర్లో అన్నీ మార్చారు. అందం మారకూడదని మళ్లీ కరారానే పెట్టారు. అవి కూడా వంగాయి. ఈ మధ్య మూడో జత పలకలు బిగించి, 2025లో హాలు తిరిగి తెరిచారు. ఈసారి ఇటలీ ఆల్ప్స్ కొండల్లోని లాసా పాలరాయి. ఒక్క గోడకి యాభై ఐదేళ్లలో మూడు జతల బట్టలు.

గోదావరి జిల్లాల ఎండ, వాన, తేమ మధ్య 18 మిల్లీమీటర్ల పాలరాయికి నేను ఏళ్లు చెప్పి మీకు ఆశ పెట్టను. పాలరాయి పూజగదికి, హాల్లో గోడకి వేయించండి, మీ మనవలు కూడా చూస్తారు. బయటికి తెలుపే కావాలంటే లేతరంగు గ్రానైట్, 30 మిల్లీమీటర్లు, క్లాంపులతో.

ప్రశ్న: మేం గుంటూరులో ఒక కాలేజీ భవనం కడుతున్నాం. రాయి బదులు కాంక్రీటు పలకలు బిగిస్తే మెయింటెనెన్స్ ఉండదని ఒకరు, జీఆర్‌సీ (గాజు నారల కాంక్రీటు) మేలని ఇంకొకరు. ఏది ఎంచుకోవాలి? (ఒక బిల్డర్)

జవాబు: కాంక్రీటు పలక పైకి రాయిలా కనిపించినా దానిలోపల ఇనుము ఉంది. దాని ఆయుష్షు మొత్తం ఆ ఇనుము మీదుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటులోకి మెల్లగా ఇంకుతూ పోతుంది. కడ్డీని చేరిన రోజున దాని రక్షణ పోతుంది. తర్వాత తడి తగిలితే తుప్పు. తుప్పు పట్టిన ఇనుము మామూలు ఇనుము కన్నా రెండు మూడింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పైనున్న కాంక్రీటుని పగలగొట్టుకుని బయటికొస్తుంది.

ఇక్కడ బిల్డర్లందరికీ చెప్పాలనిపించే విషయం ఒకటుంది. ఆ వాయువు లోపలికి వెళ్లే లోతు కాలంతో సమానంగా పెరగదు. పది మిల్లీమీటర్లు పోవడానికి ఐదేళ్లు పడితే, ఇరవై పోవడానికి పదేళ్లు కాదు, ఇరవై ఏళ్లు పడుతుంది. కవర్, అంటే కడ్డీ మీదుండే కాంక్రీటు మందం, రెట్టింపు చేస్తే కాలం నాలుగింతలు వస్తుంది. ఒక్కో పలకకి కొద్దిపాటి కాంక్రీటు ఎక్కువ పోసి కొనుక్కునే ఏళ్లు ఇవి. ఇంత చవకైన మెయింటెనెన్స్ నేను ఇంకోటి చూడలేదు. తడిసి ఆరుతూ ఉండే కాంక్రీటుకి మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెప్పే కవర్ 45 మిల్లీమీటర్లు. అందంగా, తేలిగ్గా ఉంటుందని 50 మిల్లీమీటర్ల పలక పోసి మధ్యలో కడ్డీ పెడితే రెండు వైపులా ఇరవైకి మించి రాదు. అలాంటి పలక వద్దు.

జీఆర్‌సీలో కడ్డీ బదులు గాజు నారలు ఉంటాయి. పలక మందం 10 నుంచి 15 మిల్లీమీటర్లే కాబట్టి బరువు తక్కువ, క్రేన్ ఖర్చు తక్కువ, వెనక ఫ్రేము కూడా తేలికైంది చాలు. కానీ మామూలు గాజునార సిమెంట్‌లోని క్షారానికి తినుకుపోతుంది. జిర్కోనియా కలిసిన, క్షారానికి తట్టుకునే ఏఆర్ గాజునార కావాలి, జిర్కోనియా కనీసం 16 శాతం. సప్లయర్ దగ్గర కాగితం చూడకుండా ఆర్డర్ ఇవ్వకండి. ఆ కాగితం ఉంటే, కాలేజీకి నేను జీఆర్‌సీ వైపే మొగ్గుతాను. మెయింటెనెన్స్ ఉండదన్న మాట మాత్రం ఎవరు చెప్పినా నమ్మొద్దు. సందుల్లో సీలెంట్ దీనికి కూడా మార్చాలి, వాన చారలు పడితే కడగాలి. పిట్టగోడ మీద తాడు కట్టుకునే కొక్కేలు ఇప్పుడే వేయించండి. తర్వాత కడిగినా, సీలెంట్ మార్చినా పరంజా లేకుండా మనుషులు తాడు మీద దిగి చేసేస్తారు. ప్రతిసారీ మిగిలే డబ్బు అది.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో 14 ఏళ్ల అపార్ట్‌మెంట్. ముందు గ్రానైట్ పలక ఒకటి అర అంగుళం బయటికొచ్చింది. అసోసియేషన్ మీటింగులో అందరూ "ఒక్కటే కదా, సిమెంట్ పెట్టి నొక్కేద్దాం" అంటున్నారు. (అసోసియేషన్ సెక్రటరీ)

జవాబు: ఈ జవాబు చదివిన రోజే ఆ గోడ కింద పదడుగుల మేర తాడు కట్టి, పిల్లల్ని, స్కూటర్లని అటు రానివ్వకండి. మిగతాదంతా ఆ తర్వాత.

న్యూయార్క్‌లో 1979లో ఒక భవనం మీదనుంచి ముక్క రాలిపడి ఓ కాలేజీ విద్యార్థిని చనిపోయింది. మరుసటి ఏడే అక్కడ చట్టం తెచ్చారు. ఆరంతస్తులు దాటిన భవనాల వీధివైపు గోడల్ని ఐదేళ్లకోసారి నిపుణులు పరీక్షించాలని అందులో పెట్టారు. అక్కడున్న మన పిల్లలు ఫుట్‌పాత్‌ల మీద చెక్క పందిళ్లు ఉన్న ఫొటోలు పంపుతుంటారు, వాటిలో చాలావాటికి కారణం ఆ చట్టమే. ఎవరూ అడగకపోయినా మీ అసోసియేషన్ ఆ అలవాటు చేసుకోవచ్చు.

ఇప్పుడు చేయాల్సింది: తాడు మీద దిగి పనిచేసే మనిషిని పెట్టి ప్రతి పలకనీ చెక్క సుత్తితో తట్టించండి. మా నాన్న ఫ్యాక్టరీలో పలక కొనే ముందు వేలిముడితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. గట్టిగా పట్టు ఉన్న పలక ఖంగుమంటుంది. వెనక వదిలేసింది బోలుగా, డబ్బా కొట్టినట్టు పలుకుతుంది. బోలు పలికిన ప్రతిదాని మీదా సుద్దతో గుర్తు పెట్టించి, దూరం నుంచి ఫొటో తీయండి. గుర్తులు అక్కడక్కడా ఉంటే ఆ పలకల్ని మాత్రం దింపి, రంధ్రం వేసి స్టెయిన్‌లెస్ పిన్నులతో బిగించొచ్చు. ఒక మూల గుంపుగా ఉంటే అక్కడ పైనుంచి నీళ్లు దిగుతున్నాయి, ముందు అది ఆపాలి. సగం గోడ బోలు పలికితే మాత్రం వల కట్టించి, మొత్తం దింపడానికి డబ్బు పోగుచేయడం మొదలుపెట్టండి.

బయటికొచ్చిన పలకని సిమెంట్ పెట్టి నొక్కితే లోపల వదులైన రాయి బరువు పక్క పలకల మీద పడుతుంది. అది చేయకండి.

దింపిన పలకల్లో పగలని వాటిని పారేయొద్దు. వెనక పెయింట్‌తో నంబరు వేసి, సెల్లార్‌లో నిలువుగా ఆనించి పెట్టండి. 14 ఏళ్ల కిందటి క్వారీ రంగు ఇప్పుడు మార్కెట్‌లో అచ్చంగా దొరకదు.